ఎంజైమ్‌ను పట్టుకున్నది ఎప్పుడు వదులుతుంది? వంకాయ ముక్క నుంచి పురుగుమందు విషం దాకా

వంకాయ తరిగి పళ్లెంలో వదిలేస్తే కాసేపటికే ముక్కలు నల్లబడతాయి. అందుకే తరిగిన ముక్కను తరిగినట్టే ఉప్పునీళ్లలో వేస్తారు. కొందరు ఆ నీళ్లలో కాస్త మజ్జిగ కలుపుతారు. కత్తి పడగానే కాయలోని కణాలు చితికి, అప్పటిదాకా వేర్వేరు అరల్లో ఉన్న రెండు పదార్థాలు కలుస్తాయి. ఒకటి ఫినాల్ జాతి రసాయనాలు, రెండోది పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్. గాలిలోని ఆక్సిజన్ తోడైతే ఈ ఎంజైమ్ ఫినాల్స్‌ను క్వినోన్లుగా మారుస్తుంది. క్వినోన్లు ఒకదానికొకటి అతుక్కుని గోధుమరంగు, ఆపైన నలుపు కడతాయి.

ఈ నలుపును ఆపే ఇంటి చిట్కాలన్నీ చూడ్డానికి ఒకటే. లోపల జరిగేది మాత్రం వేరువేరు. నీళ్లు ఎంజైమ్ జోలికే పోవు, ఆక్సిజన్ అందకుండా చేస్తాయంతే. ఉప్పులోని క్లోరైడ్ ఎంజైమ్‌కు కొంతవరకు నేరుగా అడ్డుపడుతుంది. మజ్జిగ పులుపు పీహెచ్‌ను తగ్గిస్తుంది, పులుపు పెరిగేకొద్దీ ఎంజైమ్ మందగిస్తుంది. నిమ్మరసం రెండు పనులు చేస్తుంది. దాని పులుపు ఎంజైమ్‌ను నెమ్మదింపజేస్తే, అందులోని విటమిన్ సి అప్పటికే ఏర్పడిన క్వినోన్లను వెనక్కి తిప్పుతుంది. విటమిన్ సి ఖర్చయిపోతే నలుపు మళ్లీ మొదలవుతుంది. మరుగుతున్న నీళ్లలో ముక్కను రెండు నిమిషాలు ఉంచితే ఎంజైమ్ ప్రోటీనే ముడి విడిపోయి పాడవుతుంది. ఇక ఆ ముక్క నల్లబడదు. ఉప్పునీళ్లలోంచి తీసి ఆరబెట్టినది మాత్రం నల్లబడుతుంది.

ఎంజైమ్ ఆగడం గురించి తెలుసుకోవాల్సిన అసలు విషయం ఈ తేడాలోనే ఉంది. ఏది ఆపింది, ఎక్కడ పట్టుకుంది, ఎంతసేపటికి వదులుతుంది అనే మూడు సంగతులు తెలిస్తే మందుకూ విషానికీ తేడా తెలుస్తుంది. విరుగుడు పనిచేస్తుందో లేదో, ఎన్ని గంటల్లోగా ఇవ్వాలో కూడా తెలుస్తుంది.

ఎంజైమ్ చేసే పని

ఒక ఊరి నుంచి కొండ అవతలి ఊరికి వెళ్లాలంటే కొండెక్కి దిగాలి. కనుమ దారి ఉంటే అంత ఎత్తు ఎక్కనక్కర్లేదు. రసాయన చర్యలో ఆ కనుమ దారే ఎంజైమ్. రెండు ఊళ్లూ ఉన్న ఎత్తు మారదు, అంటే చర్య చివరికి ఎక్కడ నిలవాలో ఎంజైమ్ మార్చలేదు. అక్కడికి చేరే వేగాన్నే పెంచుతుంది. ఆ పెంపు సామాన్యమైనది కాదు. మన ఎర్రరక్తకణాల్లోని కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ ఒక్క అణువు సెకనుకు దాదాపు పది లక్షల కార్బన్ డయాక్సైడ్ అణువులను మారుస్తుంది. పని అయ్యాక తాను ఖర్చవకుండా మళ్లీ సిద్ధంగా ఉంటుంది.

ఈ పనంతా ప్రోటీన్‌లోని ఒక చిన్న గుంటలో జరుగుతుంది. దాన్నే యాక్టివ్ సైట్ అంటారు, తెలుగు పాఠ్యపుస్తకాల్లో క్రియాశీల స్థానం. మార్పు చెందే పదార్థం సబ్‌స్ట్రేట్. తాళంలో తాళంచెవి అమరినట్టు సబ్‌స్ట్రేట్ అందులో అమరుతుందని ఎమిల్ ఫిషర్ 1894లో పోల్చాడు. తాళం ఆకారం మారదు కానీ ఎంజైమ్ గుంట మారుతుందని, బంతి చేతిలో పడ్డాక వేళ్లు ముడుచుకున్నట్టు అది సబ్‌స్ట్రేట్ చుట్టూ సర్దుకుంటుందని 1958లో డేనియల్ కోష్లాండ్ వాదించాడు. కొన్ని మందులు ఎంజైమ్‌ను ఎందుకంత గట్టిగా పట్టుకుంటాయో ఈ రెండో పోలికతోనే సరిగ్గా అర్థమవుతుంది.

వేగం లెక్క 1913లో మైఖేలిస్, మాడ్ మెంటెన్ ఇచ్చినదే నేటికీ ఆధారం. వేగం = గరిష్ఠ వేగం × సబ్‌స్ట్రేట్ ÷ (కేఎం + సబ్‌స్ట్రేట్). కేఎం అంటే గరిష్ఠ వేగంలో సగాన్ని అందుకునేందుకు కావలసిన సబ్‌స్ట్రేట్ గాఢత. గరిష్ఠ వేగం 100, కేఎం 2 మిల్లీమోలార్ అనుకుందాం. సబ్‌స్ట్రేట్ 2 ఉంటే వేగం 50. దాన్ని రెట్టింపు చేసి 4కు తెస్తే వేగం రెట్టింపు కాదు, 67కే చేరుతుంది. 90 రావాలంటే 18 కావాలి, 95 రావాలంటే 38. పై అంచుకు చేరేకొద్దీ ఎంజైమ్ గుంటలన్నీ నిండిపోయి ఉంటాయి, ఎంత పోసినా లాభం ఉండదు.

ల్యాబ్‌లో ఈ లెక్క తప్పడానికి ఎక్కువసార్లు కారణం తొందరపాటు కాదు, ఆలస్యం. సబ్‌స్ట్రేట్‌లో పది శాతం కూడా ఖర్చు కాకముందే, సమయంతో పాటు చర్య సాగే గీత ఇంకా తిన్నగా ఉన్నప్పుడే వేగం తీసుకోవాలి. ఐదు నిమిషాలాగి ఒక్క రీడింగ్ తీస్తే వేగమైన గొట్టంలో సబ్‌స్ట్రేట్ అప్పటికే అడుగంటి ఉంటుంది, నెమ్మదైన గొట్టంతో తేడా మాసిపోతుంది. ఎంజైమ్‌ను ఐసులో కాక బల్ల మీద ఉంచితే ఉదయం గొట్టానికీ మధ్యాహ్నం గొట్టానికీ పొంతన ఉండదు. ఒక సులువైన పరీక్ష ఉంది. ఎంజైమ్‌ను రెట్టింపు పోసి చూడాలి. వేగం రెట్టింపు కాకపోతే ఏదో తేడా ఉన్నట్టే, ఇన్హిబిటర్ల దాకా వెళ్లకుండా ముందు దాన్ని సరిచేయాలి.

అడ్డుపడే తీరులు

ఇన్హిబిటర్, అంటే నిరోధకం, సబ్‌స్ట్రేట్ కూర్చునే గుంటలోనే కూర్చుంటే అది పోటీ నిరోధం. ఒకే కుర్చీకి ఇద్దరు. పై లెక్కలోనే ఇన్హిబిటర్‌ను దాని కేఐకి (సగం ఎంజైమ్‌ను పట్టుకునే గాఢతకు) సమానంగా కలిపితే కేఎం 2 నుంచి 4 అయినట్టు కనిపిస్తుంది. సబ్‌స్ట్రేట్ 2 దగ్గర వేగం 50 నుంచి 33కు పడుతుంది, 18 దగ్గర 90 నుంచి 82కు. సబ్‌స్ట్రేట్‌ను 198కి పెంచితే 98 వస్తుంది. అంటే జనం ఎక్కువైతే కుర్చీ వాళ్లదే. ఇన్హిబిటర్ వేరే చోట కూర్చుని ఎంజైమ్ పనినే చెడగొడితే పోటీ లేని నిరోధం. అప్పుడు గరిష్ఠ వేగమే 100 నుంచి 50కి దిగుతుంది, సబ్‌స్ట్రేట్ ఎంత పోసినా 50 దాటదు. మూడో రకం వింతైనది. సబ్‌స్ట్రేట్ కూర్చున్నాకే ఇది వచ్చి పట్టుకుంటుంది. సబ్‌స్ట్రేట్ తక్కువున్నప్పుడు దీని దెబ్బ అంతగా తెలియదు, 2 దగ్గర వేగం 33 ఉంటుంది. 18 దగ్గర మాత్రం 90 రావాల్సిన చోట 47 దగ్గరే ఆగుతుంది. ఇక్కడ సబ్‌స్ట్రేట్ పెరగడమే ఇన్హిబిటర్‌కు బలం.

వేగాన్ని సగానికి తగ్గించే గాఢతను ఐసీ50 అంటారు. మందుల పరిశోధనలో అందరూ చూసే అంకె ఇదే, తప్పుదారి పట్టించేదీ ఇదే. పోటీ నిరోధకానికి ఐసీ50 సబ్‌స్ట్రేట్‌ను బట్టి మారిపోతుంది. సబ్‌స్ట్రేట్ కేఎంకు సమానంగా ఉంటే ఐసీ50 కేఐకి రెట్టింపు, కేఎంకు తొమ్మిది రెట్లుంటే పది రెట్లు. ఎంత సబ్‌స్ట్రేట్‌తో కొలిచారో చెప్పకుండా రెండు ల్యాబుల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు. వదలకుండా పట్టుకునే ఇన్హిబిటర్‌కైతే ఈ అంకె మరీ పనికిరాదు. ఎంజైమ్‌తో ఐదు నిమిషాలు ఉంచి కొలిస్తే ఒకటి, గంట ఉంచి కొలిస్తే మరొకటి వస్తుంది.

పోటీతో బతికించడం

కల్తీ సారా దుర్ఘటనల్లో చంపేది మిథనాల్ అంటారు. నిజానికి మిథనాల్ తనంత తానుగా అంత పెద్ద విషం కాదు. కాలేయంలోని ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ దాన్ని ఫార్మాల్డిహైడ్‌గా మారుస్తుంది, అది వెంటనే ఫార్మిక్ యాసిడ్ అవుతుంది. చూపు పోగొట్టేది, రక్తాన్ని ఆమ్లమయం చేసేది ఈ ఫార్మిక్ యాసిడే. అదే ఎంజైమ్‌కు మామూలు మద్యంలోని ఇథనాల్ అంటే ఎక్కువ మక్కువ. ఆసుపత్రిలో ఇథనాల్ ఇచ్చి రక్తంలో దాన్ని డెసీలీటరుకు 100 మిల్లీగ్రాముల దగ్గర నిలబెడితే కుర్చీ దానికే దక్కుతుంది, మిథనాల్ విషంగా మారకుండా ఆగుతుంది. ఫోమెపిజోల్ అనే మందు ఇంకా గట్టి పోటీదారు. మొదట కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, తర్వాత 12 గంటలకోసారి 10 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు మోతాదులు ఇస్తారు.

ఇందులో రెండు మెలికలున్నాయి. ఎంజైమ్‌ను ఆపితే మిథనాల్ ఒంట్లోనే రోజుల తరబడి తిరుగుతుంది, దాన్ని బయటకు లాగడానికి డయాలిసిస్ కావాలి. అప్పటికే తయారైన ఫార్మిక్ యాసిడ్‌ను ఈ పోటీ ఏమీ చేయలేదు. అందుకే చూపు మసకబారాక వచ్చినవారికంటే ముందే వచ్చినవారికి మేలు ఎక్కువ. ఇది విని ఇంట్లో సారా తాగించి విరుగుడు అనుకోవడం ప్రాణాంతకం. స్థాయిని రక్తపరీక్షతో పదేపదే చూసుకుంటూ నిలబెట్టాల్సిన వైద్యం ఇది.

పోటీ నిరోధంలో గొప్ప అధ్యాయానికి తెలుగునేలతో నేరుగా సంబంధం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ల్యాబొరేటరీస్ పరిశోధన విభాగానికి నాయకత్వం వహించినప్పుడు, ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను తయారుచేసింది. తర్వాత దాన్ని పోలిన నకళ్లనూ తయారుచేసింది. అమినోప్టెరిన్‌కూ ఫోలిక్ యాసిడ్‌కూ తేడా చాలా చిన్నది, ఒక చోట ఆక్సిజన్ గుంపు బదులు అమైనో గుంపు. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ ఈ నకలును అసలు కంటే ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. డీఎన్‌ఏ కట్టడానికి కావలసిన సరుకు ఆగిపోతుంది, వేగంగా పెరిగే కణాలు ముందుగా దెబ్బతింటాయి. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు దీన్ని ఇస్తే 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. దీని తమ్ముడు మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ వాడుతున్నారు.

మెథోట్రెక్సేట్ ఎక్కువైతే ఫోలిక్ యాసిడ్ మాత్ర ఎందుకు కాపాడలేదో ఎంజైమ్ చెబుతుంది. ఆ మాత్ర పనికి రావాలన్నా మూసుకుపోయిన ఆ ఎంజైమ్ గుండానే పోవాలి. ఫోలినిక్ యాసిడ్‌కు ఆ గేటుతో పని లేదు, పక్కదారిన పోతుంది. అందుకే అధిక మోతాదు వైద్యంలో గంటలు లెక్కపెట్టి దాన్ని ఇస్తారు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే. దాన్ని పొరపాటున రోజూ మింగి, నోరు పూసి, రక్తకణాలు పడిపోయి ప్రాణాల మీదకు తెచ్చుకున్నవారు ఎందరో. మందుల చీటీ మీద ఏ రోజు మింగాలో ఆ రోజు పేరు కూడా రాయించుకోవడం మంచిది.

వదలని పట్టు

ఆస్పిరిన్ తీరు వేరు. అది సైక్లోఆక్సిజినేజ్ ఎంజైమ్ మీది ఒక సెరీన్‌కు (ప్రోటీన్‌లోని ఒక అమైనో ఆమ్లానికి) ఎసిటైల్ గుంపును శాశ్వతంగా అంటించి వెళ్లిపోతుంది. రక్తంలో ఆస్పిరిన్ కొద్దిసేపే ఉన్నా, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు, కొత్త ఎంజైమ్ చేసుకోలేదు కనుక అది బతికే 7 నుంచి 10 రోజులూ మూగదే. రోజుకు 75 మిల్లీగ్రాములు చాలడానికి కారణం ఇదే. అదే గుంటలో ఐబుప్రోఫెన్ ముందుగా వెళ్లి కూర్చుంటే ఆస్పిరిన్‌కు సెరీన్ అందదు. ఐబుప్రోఫెన్ లేచి వెళ్లేసరికి ఆస్పిరిన్ రక్తంలో ఉండదు. గుండెకు ఆస్పిరిన్ వాడేవారు ఒళ్లునొప్పులకు ఐబుప్రోఫెన్ వేసుకోవాల్సివస్తే, మామూలు ఆస్పిరిన్ వేసుకున్న అరగంట తర్వాతే వేసుకోవాలన్న సలహా వెనుక ఉన్నది ఈ కుర్చీ తగవే.

పత్తి, మిరప పండే తెలంగాణ, ఆంధ్ర పల్లెలకు అన్నిటికన్నా దగ్గరగా తెలిసిన నిరోధం మాత్రం పురుగుమందుది. నరం కండరానికి సంకేతం పంపేటప్పుడు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. పని కాగానే దాన్ని తుడిచేసేది ఎసిటైల్‌కోలిన్‌ఎస్టరేజ్. దాని గుంట లోతైన ఇరుకు బావిలా ఉంటుంది, అడుగున ఒక సెరీన్. ఎసిటైల్‌కోలిన్ అక్కడికి జారగానే రెండుగా తెగుతుంది. కోలిన్ బయటకు పోతుంది, ఎసిటైల్ గుంపు సెరీన్‌కు అంటుకుంటుంది. నీటి అణువు వచ్చి దాన్ని కడిగేస్తుంది. ఇదంతా సెకనులో పదివేలో వంతుకు అటూ ఇటూగా అయిపోతుంది.

మూడు రకాల పదార్థాలు ఈ సెరీన్‌కే అంటుకుంటాయి. తేడా అంతా నీరు వాటిని కడగడానికి పట్టే సమయంలో ఉంది. ఎసిటైల్ గుంపుకు సెకనులో అతి చిన్న భాగం చాలు. కార్బోఫ్యురాన్, మిథోమిల్ వంటి కార్బమేట్ జాతి పురుగుమందులకు పదుల నిమిషాలు పడుతుంది. శస్త్రచికిత్స తర్వాత కండరాలకు కదలిక తెప్పించే నియోస్టిగ్మిన్ ఈ కోవదే, ఆ కొద్దిసేపటి పట్టే దాన్ని మందుగా నిలబెట్టింది. ఫాస్ఫరస్ ఉన్న ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులకు గంటలు, రోజులు. అందులోనూ రెండు జాతులున్నాయి. మోనోక్రోటోఫాస్, డైమిథోయేట్, మలాథియాన్ డైమిథైల్ జాతి. వీటి పట్టు సగం వదలడానికి 40 నిమిషాలకు కాస్త పైన పడుతుంది. క్లోర్‌పైరిఫాస్, క్వినాల్‌ఫాస్ డైఇథైల్ జాతి, వీటికి 31 గంటలు.

ఇక్కడ ఇంకో గడియారం కూడా నడుస్తుంటుంది. సెరీన్‌కు అంటుకున్న ఫాస్ఫరస్ గుంపు నుంచి ఒక ఆల్కైల్ ముక్క (మిథైల్ లేదా ఇథైల్) ఊడిపోతే మిగిలినది రుణావేశంతో గట్టిపడిపోతుంది. దీన్ని ఏజింగ్ అంటారు. ఇక నీరు కడగలేదు, విరుగుడూ పీకలేదు. డైమిథైల్ జాతిలో సగం ఎంజైమ్ ఇలా ముదిరిపోవడానికి 3.7 గంటలు, డైఇథైల్‌లో 33 గంటలు. ప్యామ్ అని పిలిచే ప్రాలిడాక్సిమ్ ముదరని ఎంజైమ్ నుంచే ఫాస్ఫరస్‌ను పీకగలదు. మోనోక్రోటోఫాస్ విషం పన్నెండు గంటలు దాటిన మనిషిలో దానికి మిగిలిన పని చాలా తక్కువ, క్లోర్‌పైరిఫాస్ అయితే ఇంకా అవకాశం ఉంటుంది. కనుక రోగిని తీసుకెళ్లేవాళ్లు సీసా గానీ, దాని లేబుల్ ఫోటో గానీ వెంట తీసుకెళ్లాలి. ‘ఏదో పత్తి మందు’ అని చెబితే వైద్యుడికి ఈ గడియారం తెలియదు. ప్యామ్ మీద పరిశోధనల మాట కూడా ఒకటి కాదు. మహారాష్ట్రలోని బారామతిలో గంటకు ఒక గ్రాము చొప్పున ఇచ్చి 2006లో ప్రకటించిన ఫలితాలు బాగున్నాయి, శ్రీలంక నుంచి 2009లో వచ్చిన ఫలితాల్లో లాభం కనిపించలేదు. పురుగుమందు రకం, రోగి వచ్చిన సమయం, మింగిన మొత్తం మారినప్పుడు ఫలితం మారడంలో వింత లేదు.

ప్రాణం నిలిపే మొదటి మందు అట్రోపిన్. అది ఎంజైమ్‌ను ముట్టుకోదు. పోగుపడిన ఎసిటైల్‌కోలిన్ కూర్చునే గ్రాహకాల (సంకేతాన్ని అందుకునే చోట్ల) దగ్గర పోటీ పడుతుంది, అంతే. రోగి నోటి వెంట చొంగ కారుతుంటుంది, కంటిపాప చుక్కలా కుంచించుకుపోతుంది, ఊపిరితిత్తుల్లో ద్రవం నిండి గురగుర వినిపిస్తుంది, నాడి నెమ్మదిస్తుంది. మొదట 1.8 నుంచి 3 మిల్లీగ్రాములు ఇచ్చి, ఐదు నిమిషాలకోసారి రెట్టింపు చేస్తూ పోవాలి. ఆగాల్సింది ఊపిరితిత్తులు పొడిగా వినిపించి, నాడి నిమిషానికి 80 దాటి, పై రక్తపోటు 80 దాటినప్పుడు. 3, 6, 12, 24 అని వెళ్తే పదిహేను నిమిషాల్లోనే 45 మిల్లీగ్రాములు, అంటే 0.6 మిల్లీగ్రాముల ఆంప్యూల్స్ 75. అలమరలో పది ఆంప్యూల్స్ ఉన్న చోట ఈ వైద్యం సగంలో ఆగిపోతుంది. మోతాదు మించితే జ్వరం, కలవరింత, పేగుల కదలిక ఆగడం కనిపిస్తాయి, అప్పుడు తగ్గించాలి.

అట్రోపిన్ కండరాల బలహీనతను తీర్చలేదు, ఆ గ్రాహకాలు వేరు. అందుకే చొంగ తగ్గి, మాట్లాడుతూ, కోలుకున్నట్టే ఉన్న మనిషి ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య హఠాత్తుగా ఊపిరి అందని స్థితికి వెళ్లొచ్చు. దీని మొదటి గుర్తు చాలా చిన్నది. తల దిండు మీంచి ఎత్తమంటే ఎత్తలేరు. మంచం పక్కన కూర్చున్న బంధువులు కూడా పట్టుకోగల గుర్తు ఇది. కనబడిన వెంటనే నర్సుకు చెప్పాలి, వెంటిలేటర్ అవసరం దగ్గర్లోనే ఉంటుంది.

రక్తంలో ఎంజైమ్ కొలవడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. సూదితో తీసిన రక్తంలో మిగిలిన పురుగుమందు గొట్టంలో కూడా ఎంజైమ్‌ను పట్టుకుంటూనే ఉంటుంది, ప్యామ్ ఇచ్చి ఉంటే అది విడిపిస్తూనే ఉంటుంది. తీసిన వెంటనే చల్లబరచి, పలుచన చేయకపోతే వచ్చే అంకె ఒంట్లోది కాదు, గొట్టంలోది. ప్లాస్మాలో కొలిచేది బ్యుటిరైల్‌కోలిన్‌ఎస్టరేజ్ అనే దాని చుట్టం. నరాల దగ్గరి స్థితికి దగ్గరగా ఉండేది ఎర్రరక్తకణాల మీది ఎంజైమ్.

మందు కొట్టే కూలీలకు ఈ రెండో అంకెతోనే ఎక్కువ పని. వీపు మీది ట్యాంకు కారి చొక్కా తడిస్తే చర్మం గుండా మందు రోజూ కొంచెం కొంచెం ఎక్కుతుంది. తడిసిన బట్ట వెంటనే విప్పి సబ్బుతో కడుక్కోవాలి, సాయంత్రం దాకా ఆగితే పట్టు పెరుగుతూనే ఉంటుంది. ఈ ఎంజైమ్ సహజ స్థాయి మనిషికీ మనిషికీ చాలా తేడా. ఎక్కువ స్థాయి ఉన్నవారికి 30 శాతం పడిపోయినా ల్యాబ్ కాగితం మీద ‘నార్మల్’ అనే వస్తుంది. అందుకే కాలిఫోర్నియాలో సీజన్‌కు ముందే ఒకసారి కొలిచి పెట్టుకుంటారు. ఆ సొంత అంకెలో 80 శాతానికి దిగితే పనితీరు పరిశీలిస్తారు, ఎర్రకణాల్లో 70 శాతానికి దిగితే ఆ మనిషిని మందు పని నుంచి తప్పిస్తారు. ముదిరిపోయిన ఎంజైమ్ ఇక బాగుపడదు, కొత్త ఎర్రకణాలు పుట్టినకొద్దీ రోజుకు దాదాపు ఒక శాతం చొప్పున మాత్రమే లోటు పూడుతుంది. 30 శాతం లోటు తీరాలంటే నెల రోజులు, ఆ నెలంతా పురుగుమందు సోకకుండా ఉంటేనే.